గాలికి ప్రారంభోత్సవం

"మంటకు మన అడవిని కాల్చే శక్తి ఉందేమో గానీ, మన సంకల్పాన్ని కాల్చే శక్తి లేదు" అని అటవీశాఖ మంత్రి లచెజార్ పుంచెవ్ గారు మా చమోవిత్స పట్టణం నడిబొడ్డున మైకు ముందు ప్రకటించారు. ఆయన వెనక గార్వన్ కొండ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. సంకల్పం మాత్రం నిజంగానే కాలలేదు. మంటలున్నన్నాళ్ళూ మంత్రిగారు దాన్ని రాజధానిలోనే భద్రంగా ఉంచారు.

"వచ్చే వసంతానికల్లా ఈ కొండమీద ముప్పై లక్షల పైన్ చెట్లు నిలబడతాయి. అన్నీ మన గింజ నుంచే. పరాయి దేశపు గింజ ఒక్కటి ఈ నేలలో పడదు. దీని పేరు జాతీయ విత్తన స్వాతంత్ర్య మహోద్యమం."

ఆ సభలో నేనూ ఉన్నాను. మామూలు రోజుల్లో కుట్టుమిషన్లు బాగు చేస్తాను. సభలున్న రోజుల్లో పురపాలక బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాను. మా పట్టణంలో ఏ పని మొదలైనా మా బ్యాండు ఉండాల్సిందే. పూర్తయిన పనికి వాయించిన సందర్భం మాత్రం నాకు గుర్తు లేదు.

ముందు వరసలో ఫారెస్టు గార్డు స్తమెన నిలబడి ఉంది. మంటలతో కొట్లాడి అప్పుడే కొండ దిగి వచ్చింది. కనుబొమ్మలు కమిలిపోయి ఉన్నాయి. ఆమె ఇల్లు కొండకు ఆనుకుని ఉన్న కింది వాడలో.

"వసంతానికి చెట్లొస్తాయన్నారు. ఎంత ఎత్తుంటాయి బాబూ?" అని అడిగింది.

"ఎంత కావాలి?" అన్నారు మంత్రిగారు ఉదారంగా.

"వానలకు కొండ జారి మా వంటిళ్ళలోకి రాకుండా ఉండేంత."

"నోట్ చేసుకోండి" అన్నారు మంత్రిగారు సెక్రటరీతో. సెక్రటరీ నోట్ చేసుకున్నాడు. మేము వాయించాం.

పైన్ గింజ పైన్ కాయలో ఉంటుంది. చెట్టుమీద కాయ పొలుసులన్నీ బిగించుకుని గుప్పిటలా ఉంటుంది. సన్నటి సెగమీద నెమ్మదిగా ఆరితే పొలుసులు విచ్చుకుని, రెక్కలున్న గింజలు రాలతాయి. ఇందుకోసమే మా ఏటి ఒడ్డున పాతకాలపు కాయల కొట్టం ఒకటి ఉంది. లోపల చెక్క జల్లెడలు, కింద ఇనప పొయ్యి, ఓ మూల కాయల్ని దొర్లించే పెద్ద పీపా. చాలా ఏళ్ళుగా అందులో మేయర్ హరలాంపి గారి బావమరిది పుట్టగొడుగులు పెంచుకుంటున్నాడు. జాతి ప్రయోజనం దృష్ట్యా పుట్టగొడుగుల్ని ఖాళీ చేయించి, వాకిలికి రిబ్బను కట్టి కత్తిరించారు. ఫొటోలో మంత్రిగారి కళ్ళు మూసుకుపోయాయి కనక రిబ్బను మళ్ళీ కట్టి మళ్ళీ కత్తిరించారు. మేము కూడా మళ్ళీ వాయించాం.

ఆ తర్వాత దేశంలోని ప్రతి ప్రభుత్వోద్యోగీ తలా ఒక బస్తా పైన్ కాయలు సేకరించి పంపాలని సర్క్యులర్ వెళ్ళింది. దేశం స్పందించిన తీరు చూసి తీరాలి. లారీల మీద లారీలు వచ్చాయి. పోస్టాఫీసుల వాళ్ళు నిరుటి క్రిస్మస్ తోరణాలు విప్పి, బంగారు రంగు పూసిన కాయల్ని దారాలతో సహా పంపారు. రెవెన్యూ వాళ్ళు రాజధాని పార్కుల్లో ఏరిన కాయల్ని, వాటితోపాటు సిగరెట్ పీకల్నీ పంపారు. రేవు పట్టణం వాళ్ళు గోళీకాయల్లాంటివేవో పంపారు. అవి పైన్ కాయలు కావని అందరికీ తెలుసు, కానీ తూకం సరిపోయింది.

కొట్టం పని స్తమెనకు అప్పజెప్పారు. ఆమె ఓ బస్తా కింద గుమ్మరించి, దోసెడు కాయలు చేతిలోకి తీసుకుని మేయర్‌కి చూపించింది. వాళ్ళిద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు.

"హరలాంపీ, ఇవన్నీ విచ్చుకునే ఉన్నాయి."

"శుభం. మనకు సగం పని తప్పింది."

"విచ్చుకున్నాయంటే గింజ ఎప్పుడో రాలిపోయిందని. ఇవి ఉత్త డొల్లలు."

"అయితే మోయడం తేలిక."

"నీ తల మోస్తున్నావు కదా, ఆ సంగతి నీకు తెలియక మరెవరికి తెలుస్తుంది" అంది స్తమెన.

మంత్రిగారు డొల్లల గుట్టమీదికి ఎక్కి టీవీ వాళ్ళతో మాట్లాడారు. గుట్ట కరకరలాడుతూ కొంచెం కుంగింది గానీ ఆయన కుంగలేదు. ఆ చలికాలమంతా కొట్టం పొయ్యిలోకి వంటచెరకు కొరత రాలేదు. కాబట్టి మహోద్యమం తొలిదశ వృథా అయిందని ఎవరూ అనలేరు.

అక్టోబరులో వానలు పడ్డాయి. కాలిన కొండమీద నీటిని పట్టి ఉంచే వేరు ఒక్కటి లేదు. నల్లటి బురద కింది వాడలోకి దిగి, గడపలు దాటి, వంటిళ్ళలో పొయ్యిల ఎత్తున నిలబడింది. ఆడవాళ్ళు రొట్టె పెనాలతో తోడి బయట పోశారు. ఓ ముసలాయన మంచం మీదనే బురద మధ్య దొరికాడు. బతికే ఉన్నాడు, కానీ ఆ తర్వాత కొండవైపు కిటికీ తెరవనివ్వలేదు. మంత్రిగారు చలించిపోయి, ఉద్యమం రెండో దశను ముందుకు జరిపారు.

రెండో దశకు మూసి ఉన్న కాయలు కావాలి. అవి ఉన్నవి ఒక్కచోటే. మంటలప్పుడు చివరి క్షణంలో గాలి మళ్ళడంతో కొండ నెత్తిమీద ఓ వరస ముసలి పైన్‌లు మిగిలాయి. నవంబరు ఎండలో వాటి కొమ్మలనిండా కాయలు. చెట్లెక్కి కాయలు కోసే మనుషులు మా దగ్గర ఇప్పుడెవరూ లేరు, అంతా జర్మనీలో ఇళ్ళకు రంగులు వేస్తున్నారు. మేయర్ హరలాంపి గారు బుర్ర గోక్కుని ఓ ఉపాయం కనిపెట్టారు.

"అయ్యా, మనం చెట్టు పైకి ఎక్కడం కష్టం గానీ, చెట్టు కిందికి రావడం తేలిక."

ఆ ఉపాయంలోని సరళత్వానికి మంత్రిగారు ముగ్ధులయ్యారు. రంపాలు వచ్చాయి. కొండమీద దాన్నీ ప్రారంభోత్సవం కిందే లెక్కగట్టారు కనక, మమ్మల్నీ మా వాయిద్యాల్నీ ట్రాక్టరులో ఎక్కించి తీసుకెళ్ళారు.

స్తమెన చెట్ల ముందు నిలబడింది.

"అడవి పెంచడానికి ఉన్న చెట్లు కొడతారా?"

"ముప్పై లక్షల చెట్ల కోసం ఓ వరస చెట్లు త్యాగం చేయలేవా తల్లీ?" అన్నారు మంత్రిగారు నొచ్చుకుంటూ.

"బాబూ, చలికాలం చివర్లో ఈ కాయలు చెట్టుమీదే విచ్చుకుంటాయి. గింజలకు రెక్కలున్నాయి. ఇక్కణ్ణుంచి కొండంతా గాలే చల్లుతుంది. బూడిద నేల వాటికి ఇష్టం. మనం దారికి అడ్డం లేకపోతే చాలు."

మంత్రిగారు కాసేపు నిజంగానే ఆలోచించారు.

"అంతా బాగానే ఉంది. కానీ గాలికి ప్రారంభోత్సవం ఎలా చేస్తాం?"

రంపంవాడు తాడు లాగాడు. రంపం దగ్గింది, అంటుకోలేదు. అతను రెండోసారి లాగబోతుండగా స్తమెన గొంతు మార్చింది.

"సరే, కొట్టేయండి. మా కింది వాడ వాళ్ళం పిచ్చివాళ్ళం. ఈ వరసకు తమరి పేరు పెడదామనుకున్నాం."

"ఏ పేరు?"

"ఇప్పుడెందుకులెండి. పుంచెవ్ వనం అనుకున్నాం. పట్నం నుంచి చూసినా ఈ నెత్తి కనపడుతుంది కదా అని."

మంత్రిగారు చెయ్యెత్తారు. రంపంవాడు ఆగిపోయాడు. మంత్రిగారు వెనక్కి తిరిగి పట్నాన్ని చూశారు, పట్నం నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఊహించుకున్నారు. కంట్లో తడి కూడా మెరిసిందని చెబుతారు. నేను ఎదురెండలో ఉన్నాను కనక ఖచ్చితంగా చెప్పలేను. ఈ చెట్ల జోలికి ఎవరైనా వస్తే ఊరుకోనని ఆయన అక్కడికక్కడే గర్జించారు. రంపంవాడు భయపడి రంపాన్ని కోటు కింద దాచుకున్నాడు. వారం తిరక్కుండా పాలరాతి ఫలకం వచ్చింది.

కాయల కోసం జిల్లా కేంద్రం నుంచి ఫైరింజన్ నిచ్చెన బండిని రప్పించారు. మంటలప్పుడు దారి ఇరుకని రాలేని బండి, ఫలకం పక్కన ఫొటో అనగానే వచ్చింది. నిచ్చెన అందినంత మేర కాయలు కోశారు. పై కొమ్మల్లోవి పైనే ఉండిపోయాయి.

ఇక కొట్టంలో పని మొదలైంది. ఇది మాత్రం మంచి పని. స్తమెన కాయల్ని జల్లెడలమీద పలచగా పరిచి, పొయ్యిలో డొల్లల మంట సన్నగా పెట్టి, గంట గంటకూ చేత్తో తడిమి చూసేది. పసిబిడ్డ ఒళ్ళు కాగుతోందేమో చూసే తల్లిలా. రెండు రోజులకు గానీ కాయ నోరు తెరవదు.

మార్చిలో పైదేశాల నుంచి అడవుల పరిశీలకుడొకాయన వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన మా దగ్గర ఉండేది ఒక్క మధ్యాహ్నమే. ఆ మధ్యాహ్నం గింజలు తీయడం, చల్లడం, భోజనం, అన్నీ అయిపోవాలి. మంత్రిగారు ముందురోజే కొట్టానికి వచ్చి జల్లెడల్లోకి తొంగి చూశారు. ఆలస్యంగా కోసి తెచ్చిన చివరి విడత కాయలు బిగుసుకుని పడున్నాయి. అంతకుముందు రాలిన కాసిని గింజల్ని జిల్లా ఆఫీసువాళ్ళు గాజు పెట్టెలో పెట్టి, ప్రదర్శన కోసం రాజధానికి తీసుకెళ్ళిపోయారు.

"ఇవెందుకు సహకరించడం లేదు?" అని అడిగారు మంత్రిగారు.

"రెండు రోజులు పడుతుందండి. సెగ పెంచితే లోపలి గింజ చస్తుంది" అంది స్తమెన.

"గింజ లోపల ఉంటుంది. అతిథికి కనపడేది బయటే కదా?" అన్నారు మంత్రిగారు. ఈ ప్రశ్నను నేను చాలాసార్లు ఆలోచించాను. దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకదు.

మేయర్ హరలాంపి గారు వెంటనే బేకరీ కుజ్మాన్‌ను పిలిపించారు. కుజ్మాన్ స్తమెన అక్క మొగుడు. అతని రొట్టెల బట్టీ మా జిల్లాలోకెల్లా పెద్దది. మూడు బళ్ళలో కాయలు బేకరీకి తరలుతుంటే స్తమెన పరిగెత్తుకుంటూ వెళ్ళి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"బావా, నీ రొట్టె నాటితే గోధుమ మొలుస్తుందా?"

కుజ్మాన్ గడ్డం రుద్దుకున్నాడు. "ఎప్పుడూ నాటి చూడలేదు మరదలా."

"మరి వీటినెట్లా కాలుస్తున్నావు?"

"మేయర్ చెప్పాడు. బేకరీ లైసెన్సు రెన్యూవల్ ఆయన దగ్గరే ఉంది. నన్నేం చేయమంటావు చెప్పు."

స్తమెన పక్కకు జరిగింది. కాయలు బట్టీలోకి వెళ్ళాయి. నిమిషాల్లో చిటపటలాడుతూ, ఒక్కొక్కటీ గులాబీలా విచ్చుకున్నాయి. అంత అందంగా విచ్చుకున్న పైన్ కాయల్ని నా జన్మలో చూడలేదు. పట్నమంతా జిగురు వాసన. తర్వాత వారం రోజులపాటు మేము తిన్న రొట్టె తలుపు చెక్క వాసన వేసింది. పీపాలో దొర్లిస్తే గింజలు జలజలా రాలాయి. చిన్న గోధుమరంగు గింజలు, వేయించిన నువ్వుల్లా. రుచి కూడా ఇంచుమించు అంతే. డప్పు వాయించే మావాడు గుప్పెడు నోట్లో వేసుకుని ఉప్పు తక్కువైందన్నాడు.

మర్నాడు కొండమీద విత్తనోత్సవం. స్తమెనను నోరు తెరవొద్దని మేయర్ గట్టిగా చెప్పాడు. తెరిస్తే కింది వాడకు కట్టిస్తానన్న, బురదను ఆపే గోడ సంగతి మరిచిపోవాల్సి ఉంటుందన్నాడు. అందుకని ఆమె తెరవలేదు. పొడుగాటి పరిశీలకుడు వంగి ఆమె అరచేతిలోని గింజల్ని చూసి, దుబాసీ ద్వారా అడిగాడు.

"ఇవి మొలుస్తాయంటారా?"

స్తమెన ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ తల పైకీ కిందికీ గట్టిగా ఊపింది. మా దేశంలో తల అలా ఊపితే లేదని అర్థం. పరిశీలకుడి దేశంలో అలా కాదు. ఆయన పరమానందంగా ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. దుబాసీ గొంతు సవరించుకుని మేయర్ వైపు చూశాడు. మేయర్ మా వైపు చూశాడు. మేము వాయించాం.

మంత్రిగారు చంకలో జల్లెడ పెట్టుకుని, వేయించిన గింజల్ని కొండవాలు మీద దారి పొడవునా చల్లారు. పిచ్చుకలు వెనకే నడిచాయి. ఆ సాయంత్రం గాలి లేచింది. కొండ నెత్తిమీద, నిచ్చెన అందని కొమ్మల్లో కాయలు టక్ టక్ మని విచ్చుకోవడం కింది వాడ దాకా వినిపించింది. ఆ గాలి వారం పాటు వీచింది. దానికి ఎవరూ రిబ్బను కట్టలేదు.

మే నెలలో కొండ పచ్చబడింది. పచ్చ అంటే దూరం నుంచి కనపడే పచ్చ కాదు. మోకాళ్ళమీద వంగి చూస్తే బూడిదలో అగ్గిపుల్లంత కాడలు, నెత్తిన చిన్న బ్రష్షులాంటి సూదుల గుత్తులు. శిఖరం కింద దట్టంగా, కిందికి వచ్చేకొద్దీ పలచగా. మంత్రిగారు జల్లెడతో నడిచిన దారి మాత్రం ఒట్టి బూడిదే. స్తమెన కింది వాడ ఆడవాళ్ళందర్నీ తీసుకొచ్చి చూపించింది. ఓ ముసలమ్మ అక్కడే కూర్చుని ఏడ్చింది. మంచం మీద బురదలో దొరికిన ముసలాయన ఆ సాయంత్రం కిటికీ తెరవమన్నాడట.

మంత్రిగారు హెలికాప్టర్లో వచ్చారు.

"బాబూ, ఇవి మీరు చల్లినవి కావు" అని చెప్పింది స్తమెన. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు, అదొక్కటే ఆమె లోపం.

"మొలిచాయా లేదా?"

"మొలిచాయి."

"చల్లానా లేదా?"

"చల్లారు."

"మరి ఇంకేం కావాలి?" అన్నారు మంత్రిగారు. ఆ మొదటి రెండు ప్రశ్నలతోనే ఆయనకు ఆ ఏడాది హరిత రత్న పతకం వచ్చింది.

ఘనతలో వాటా కోసం కుజ్మాన్ కూడా ఆశపడ్డాడు. అది సహజం. టీవీ వాళ్ళు బేకరీకి వస్తే తెల్ల టోపీ పెట్టుకుని, బట్టీ తలుపు తెరిచి చూపించాడు. "అందరూ మంత్రిగారినే మెచ్చుకుంటున్నారు. ఆ గింజలు కాల్చింది నేను. రొట్టెకిచ్చిన సెగే ఇచ్చాను, ఒక్క పిసరు తగ్గించలేదు" అన్నాడు గర్వంగా. దాన్ని అప్పుడెవరూ పట్టించుకోలేదు.

ఆ చలికాలం రాజధానిలో ట్రామ్ టిక్కెట్ల గొడవ ముదిరి ప్రభుత్వం పడిపోయింది. నిజాయితీ కూటమి గెలిచింది. మేయర్ హరలాంపి గారు అప్పటికే ఆ కూటమిలో ఉన్నారు. ఫలితాలు వచ్చిన సాయంత్రమే ఆయనకు అంతరాత్మ వినపడిందట. కొత్త అటవీ మంత్రి అసెన్ కలైజీయెవ్ గారు పాతవాళ్ళ ప్రతి పనిమీదా విచారణ వేశారు. కుజ్మాన్ ఇంటర్వ్యూ బయటికి తీశారు. ముగ్గురు ప్రొఫెసర్లు బేకరీకి వచ్చి, బట్టీలో వేడి కొలిచి, రొట్టె రుచి చూసి, ఆ గింజల్లో ఒక్కటి కూడా మొలిచే అవకాశం లేదని శాస్త్రీయంగా తేల్చారు. అది ముమ్మాటికీ నిజం. మా జిల్లాలో ఒక ప్రభుత్వ విచారణ నిజం తేల్చడం అదే మొదలు.

వసంతంలో కలైజీయెవ్ గారు స్వయంగా కొండ చూడ్డానికొచ్చారు. కొత్త రబ్బరు బూట్లు, ధర చీటీ ఇంకా ఎడమ బూటుకే ఉంది. మొక్కలు అప్పటికి వేలెడు పొడవు ఎదిగాయి. స్తమెన, కింది వాడ వాళ్ళు, బ్యాండువాళ్ళం, అందరం అడుగు తీసి అడుగు వేయడానికి చోటు వెతుక్కుంటూ, కొంగల్లా నడుస్తున్నాం. మంత్రిగారు ఒక్కరే నిటారుగా నడుస్తున్నారు.

"వీళ్ళంతా ఎందుకలా గెంతుతున్నారు?" అన్నారు మేయర్‌తో.

"ఈ ప్రాంతపు జానపద నడకండి" అన్నాడు హరలాంపి.

"కాదు బాబూ" అంది స్తమెన. "మొక్కలున్నాయి. మీ కాలి కింద కూడా ఉంది."

మంత్రిగారు ఆమె భుజం మీద దయగా చెయ్యి వేశారు. "మిమ్మల్ని మోసం చేశారమ్మా. ఆ గింజలు కాల్చినవి. అవి మొలవవు."

"అవి మొలవలేదు. ఇవి పై చెట్లనుంచి గాలికి వచ్చినవి."

"గాలా?" మంత్రిగారు మేయర్ వైపు తిరిగారు. "పుంచెవ్ ప్రోగ్రాంలో గాలి ఉందా?"

"లేదండి."

స్తమెన మోకాళ్ళమీద కూర్చుని, ఆయన బూటు పట్టుకుని పక్కకు జరిపింది. వాలిపోయిన ఓ మొక్కను రెండు వేళ్ళతో నిలబెట్టింది. మంత్రిగారు కళ్ళద్దాలు పెట్టుకుని వంగారు. చాలాసేపు చూశారు. మనిషి చెడ్డవాడు కాదు, అబద్ధం ఆడలేదు.

"పైన్ మొక్కే" అన్నారు నెమ్మదిగా.

ఆయన లేచి, మోకాలి దుమ్ము దులుపుకుని, స్తమెనకు మాత్రమే వినపడేలా అడిగారు. పక్కనే ఉన్న నాకు కూడా వినపడింది.

"అమ్మా, పుంచెవ్ కొండమీద మొక్కలున్నాయని నన్ను చెప్పమంటారా?"

స్తమెన మొక్క చుట్టూ మట్టి నొక్కింది.

"మీరే ఆలోచించండి" అని, మైకు దగ్గరికి వెళ్ళి, పుంచెవ్ మోసపూరితంగా విత్తిన ఈ కొండనంతా దున్ని శుభ్రం చేసి, నిజాయితీగా కొత్త మొక్కలు నాటిస్తామని ప్రకటించారు. అన్నీ స్వదేశీ మొక్కలు. పుంచెవ్ పేరున్న పై వరస చెట్లు కొట్టించే విషయం కూడా వచ్చింది. మేయర్ అప్పటికే మేస్త్రీని మాట్లాడి ఉంచాడు. పాలరాతి ఫలకానికి వెనక వైపు ఖాళీగానే ఉంది కనక దాన్ని తిప్పి, కలైజీయెవ్ వనం అని చెక్కించాడు. అలా ఆ చెట్లు రెండో ప్రభుత్వాన్ని కూడా గట్టెక్కాయి.

మేయర్‌కి కష్టం మొక్కల దగ్గర వచ్చింది. వారం తర్వాత ఆయన స్తమెన ఇంటికి వచ్చి వంటింట్లో స్టూలు మీద కూలబడ్డాడు. ఆమె కుట్టుమిషన్ సూది మార్చడానికి నేను అక్కడే ఉన్నాను.

"నర్సరీల్లో ఉన్నవన్నీ పరాయి దేశపు మొక్కలేనట స్తమెనా. స్వదేశీవి ఎక్కడా లేవు. ఆదివారం మంత్రి వస్తున్నాడు. నా పరువు పోతుంది."

"ఉంటే కదా పోవడానికి" అని ఆమె బీన్స్ కూర గిన్నె దించింది. "మొక్కలు నేను తెస్తా. నువ్వు ట్రాక్టర్లు ఆపు."

"ఆపలేను. శనివారం దాకా అయితే ఏదో ఒక రిపేరు పెట్టిస్తా."

"ఎక్కణ్ణుంచి తెస్తానో అడగవా?"

"అడగను. అడిగితే నువ్వు చెప్తావు."

ఆ మూడు నాలుగు రోజులూ కింది వాడ మొత్తం కొండమీదే ఉంది. చెంచాలు, బంగాళాదుంపల కత్తులు, రేకు మూతలు, ఏది దొరికితే దాంతో మొక్కల్ని వేరుతో, మట్టితో పెకలించి, పెరుగు డబ్బాల్లో కుదురుగా పెట్టారు. మా దగ్గర ప్రతి ఇంట్లోనూ ఖాళీ పెరుగు డబ్బాలు గోడంత ఎత్తున ఉంటాయి. బ్యాండువాళ్ళం కూడా వెళ్ళాం. కుజ్మాన్ రొట్టెల చెక్క ట్రేలు పట్టుకుని వచ్చాడు, ఒక్కో ట్రేలో ఓ వరస డబ్బాలు పడతాయని.

"బావా, ఈసారి దారి తప్పి బట్టీలోకి తీసుకెళ్ళేవు" అంది స్తమెన. అతను నవ్వలేదు. ట్రేలు నెత్తిన పెట్టుకుని తలవంచుకుని కొండ దిగాడు, మళ్ళీ ఎక్కాడు. చీకటి పడ్డాక అతని మోకాళ్ళకు స్తమెనే సారా రుద్దింది.

ఎన్ని తీసినా కొండ కొండే. ఆదివారానికి ముందు ట్రాక్టర్లకు రిపేరు నయమైంది. మిగిలినవన్నీ నాగళ్ళ కింద తిరగబడ్డాయి. స్తమెన ఇంటి గుమ్మంలో నిలబడి చివరి చాలు దాకా చూసింది. మేయర్ మనుషులు పెరుగు డబ్బాలకు ఆకుపచ్చ రంగు వేసి, మంత్రిత్వశాఖ ముద్ర అంటించారు.

ఆదివారం ఎండ బాగా కాసింది. జున్ను పెట్టి పొరలుగా కాల్చిన గిబానిత్సలు, కెబాబులు, మైకులు, జెండాలు. దున్నిన కొండ నున్నగా, నల్లగా, ఆడంబరంగా ఉంది. కలైజీయెవ్ గారు డబ్బాల వరసల ముందు నడుస్తూ పొంగిపోయారు.

"ఇవి ఏ నర్సరీవి?"

"స్థానిక నర్సరీవండి" అన్నాడు మేయర్.

"అద్భుతం. బ్యాండు కాసేపు ఆపండి."

మేము ఆపాం. మంత్రిగారు కోటు విప్పి, మోకాళ్ళమీద కూర్చుని, తొలి డబ్బా తీసుకున్నారు. అందులోని మొక్క ఓ పక్కకు కొంచెం వంగి ఉంది. ఎప్పుడో బలంగా తొక్కితే వంగినట్టు. ఆయన మొక్కను మట్టితో సహా బయటికి తీసి, గోతిలో పెట్టి, వేళ్ళతో చుట్టూ నొక్కి, అరచేతులతో నీళ్ళు పోశారు. చూస్తున్నవాళ్ళకు ముచ్చటేసింది. కెమెరాలన్నీ దగ్గరికొచ్చాయి.

ఆయన రెండో డబ్బా చేతిలోకి తీసుకుని, ఓపిగ్గా, బిడ్డకు పాఠం చెప్పినట్టు స్తమెనకు చూపించారు.

"చూశారా అమ్మా, పుంచెవ్ మొక్కకూ అసలైన మొక్కకూ తేడా?"

స్తమెన వంగి శ్రద్ధగా చూసింది.

"చూశాను బాబూ" అంది. "ఇది డబ్బాలో ఉంది."